మెదక్ గుళ్లో హీటర్లు ఉంటాయా?

కిందటి క్రిస్మస్ సంగతి. అర్ధరాత్రి దాటి గంటైంది. అల్మాస్‌గూడలో మా పక్కింటి పెద్దమ్మ స్వెట్టరు మీద శాలువా, తలకు మంకీ క్యాపుతో యుద్ధానికి వెళ్తున్నట్టు కారు దగ్గర నిలబడింది. డెబ్భై దాటిన మనిషి. చలిగాలి తగిలితే ఆయాసం. ‘మన వీధి చర్చికే పోవచ్చు కదమ్మా’ అని కొడుకు బతిమాలినా వినలేదు. మెదక్‌లో తెల్లవారుజాము ఆరాధనకే వెళ్లాలట. వాళ్ల తాత అక్కడ రాళ్లు మోశాడు మరి!

‘గంత పెద్ద గుడి. లోపల హీటర్లు బెడ్తరా బిడ్డా?’ అనడిగింది.

నా దగ్గర జవాబు లేదు. తుక్కుగూడ దగ్గర ఔటర్ ఎక్కి, దుండిగల్‌లో దిగి, నర్సాపూర్ అడవి దాటుతుంటే కారు అద్దాలకు మంచు పట్టింది. ఇన్‌హేలరు ఉందో లేదోనని రెండుసార్లు బ్యాగు తడిమి చూశా.

మెదక్ చేరేసరికి చర్చి ఆవరణ నిండా జనం. దుప్పట్లు కప్పుకుని పడుకున్నవాళ్లు, చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నవాళ్లు. ఎదురుగా 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో మొదలుపెట్టించిన కట్టడం ఇది. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది.

లోపల 200 అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు. ఇంత హాలును వేడి చేయడమంటే మాటలా? వేడిగాలి తేలిక కాబట్టి ముందు పైకప్పుకే పోతుంది. కింద కూర్చున్నవాళ్ల కాళ్లు చల్లగానే ఉంటాయి. ఇంగ్లండులోని పాత చర్చిల తలనొప్పి ఇదే. బొగ్గు బాయిలర్లు, ఇనుప పైపులు, గ్యాసు... అన్నీ అయ్యాయి. వారానికోసారి గబగబా వేడి చేస్తే ఇంకో తంటా. ఆర్గన్‌లోని చెక్క ఎండి పగులుతుంది. జనం ఊపిరిలోని తేమ చల్లటి గోడల మీద నీరై కారుతుంది. అందుకే ఇప్పుడు కొన్నిచోట్ల హాలునొదిలేసి, మనుషుల్నే వెచ్చబరుస్తున్నారు. బెంచీల కింద చిన్న కరెంటు హీటర్లన్నమాట. బాత్ నగరంలోని పెద్ద చర్చిదైతే మరీ విశేషం. పక్కనే రోమన్ల కాలంనాటి వేడినీటి బుగ్గలు. రోజుకు పదకొండు లక్షల లీటర్ల నీరు వస్తుంది. ఆ వేడిని హీట్ పంపులతో తీసుకుని 2021 నుంచి చర్చి నేల కింది పైపుల్లోకి పంపుతున్నారు. అదృష్టవంతులు!

మెదక్‌లో బుగ్గలెక్కడివి? ఏడాదిలో నాలుగు వారాల చలి కోసం బాయిలరు ఎవరు పెడతారు? కానీ ఒక లెక్క చూడండి. కుదురుగా కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి వస్తుంది. పాతకాలం బల్బంత! ఇక్కడ అయిదు వేల మంది పడతారంటారు. అంటే ఇళ్లలో వాడే వెయ్యి వాట్ల హీటర్లు అయిదు వందలు ఒక్కసారే వేసినట్టు.

ఈ లెక్క నాకు ఆలస్యంగా తట్టింది. చోటు దొరికింది కదాని పెద్దమ్మను గోడ పక్కన కూర్చోబెట్టాను. రాత్రంతా చల్లబడిన రాయి పక్కనున్న మనిషి ఒంట్లో వేడిని లాగేసుకుంటుంది. పావుగంటకే దగ్గు మొదలైంది. నా గుండె గుభేలుమంది. ఎవరో ఇద్దరు మహిళలు జరిగి, ‘ఇటు రా అవ్వా’ అంటూ ఆమెను మధ్యలోకి లాక్కున్నారు. ముందూ వెనకా మనుషులే. పాటలు మొదలైన కాసేపటికి చూస్తే దగ్గు లేదు. మంకీ క్యాపు ఒళ్లోకి చేరింది.

అదే గోడ ఏప్రిల్ మధ్యాహ్నం చల్లగా ఉంటుంది. మా వీధి చర్చిది రేకుల కప్పు, ఎండాకాలం మూడు కూలర్లు తిరిగినా చాలవు. మెదక్‌లో ఏసీల మాట ఎప్పుడైనా వస్తే, రాతికి రంధ్రాలు కొట్టే ముందు ఓ వేసవి మధ్యాహ్నం అక్కడ కూర్చుని చూడమనాలి.

తెల్లవారింది. బయట వెలుతురుంటేనే కనిపించే గాజు కిటికీల బొమ్మలకు మెల్లగా రంగులొచ్చాయి. పెద్దమ్మ నా వైపు తిరిగి శాలువా విప్పి ఇచ్చింది.

‘జర పట్టుకో బిడ్డా. నాకు ఉడకపోస్తున్నది.’