పొయ్యి దగ్గర ఎంతమంది?

పోటీ అన్నాక నిబంధనలు ఉంటాయి. అమెరికాలో జరిగే బార్బెక్యూ పోటీల్లో అయితే మరీనూ! ఏ మాంసం వండాలి, పెట్టెలో ఏ ఆకు పరవాలి, ఏ నిమిషానికి తెచ్చివ్వాలి... అన్నీ రాసి పెట్టి ఉంటాయి. ఎర్ర అంచున్న లెట్యూస్ ఆకు పెట్టినా ఒప్పుకోరు. ఇంత పట్టుదలగా ఉండే ఆ నిబంధనల పుస్తకం ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం పక్కకు తప్పుకుంటుంది. జట్టులో ఎంతమంది ఉండాలి? కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ చెప్పేదల్లా ఒకటే. ప్రధాన వంటగాడు ఒకరు ఉండాలి, సహాయకులు ఎంతమంది కావాలో ఆయనే తేల్చుకోవాలి.

చూడ్డానికి అది స్వేచ్ఛే. నిజానికి పెద్ద బరువు. ఎందుకంటే, వంటగాడు మొదట వెయ్యాల్సిన లెక్క ఉప్పూకారాలది కాదు, మనుషులది. మాంసం ఎక్కువైతే మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. మరి మనుషులు ఎక్కువైతే?

కాన్సస్ సిటీ సొసైటీని 1985లో ప్రారంభించింది ముగ్గురు - కరోలిన్ వెల్స్, గ్యారీ వెల్స్ దంపతులు, వారి మిత్రుడు రిక్ వెల్చ్. దాని పద్ధతిలో జరిగే పోటీలో నాలుగు వంటకాలుంటాయి. కోడి మాంసం, పంది పక్కటెముకలు, పంది భుజం మాంసం, బ్రిస్కెట్ అని పిలిచే గొడ్డు రొమ్ముమాంసం. సాధారణంగా శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కోడి ఇవ్వాలి. పన్నెండున్నరకు పక్కటెముకలు, ఒంటిగంటకు పంది మాంసం, ఒకటిన్నరకు బ్రిస్కెట్. చెప్పిన వేళకు అయిదు నిమిషాలు ముందు నుంచి అయిదు నిమిషాలు తరవాత వరకే గడువు. ఆ పది నిమిషాలు దాటితే రాత్రంతా పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే.

పెట్టె మీద జట్టు పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. బల్ల చుట్టూ ఆరుగురు న్యాయనిర్ణేతలు. రూపం, రుచి, మెత్తదనం... మూడింటికీ తొమ్మిది నుంచి రెండు వరకు మార్కులేస్తారు. నిబంధన తప్పితే ఒకటి. ఆరుగురిలో అందరికంటే తక్కువ మార్కులిచ్చిన వారి లెక్క తీసేస్తారు. ఆ పెట్టె తెరిచినప్పుడు దాని వెనక ఇద్దరున్నారా ఇరవైమందున్నారా అన్నది ఎవరికీ తెలీదు. ముక్కకు మనుషుల లెక్క తెలీదు కదా!

రాత్రి మెలకువ ఎవరిది?

ఇప్పుడు కాన్సస్ సిటీ శివారులో ఉండే ఒక జంటను ఊహించుకోండి. భర్త ప్లంబరు. భార్య ఆసుపత్రిలో నర్సు. వారాంతాల్లో పెరట్లో వండుతారు. తిన్నవాళ్లంతా 'మీరు పోటీకి వెళ్లాల్సిందే' అన్నారు. సరే అని పేరు నమోదు చేసుకున్నారు. ఈ కబురు వీధిలోకి పొక్కింది. పక్కింటి మిత్రుడు 'నా ట్రెయిలర్ ఉందిగా, నేనూ వస్తా' అన్నాడు. ఆయన వస్తే ఆయన కొడుకు. భార్య తమ్ముడు తనకో చొక్కా కుట్టించమన్నాడు. భర్త ఆఫీసులో ఇద్దరు 'రాత్రి కబుర్లకైనా మమ్మల్ని పిలవరా' అని నిష్ఠూరమాడారు. వారం తిరక్కుండానే జట్టు ఏడుగురైంది. ఇంకా ఎవరు ఏం చేస్తారన్న మాటే రాలేదు!

అందుకే లెక్క పేర్లతో కాకుండా పనులతో మొదలుపెట్టాలి. ఒక కాగితం తీసుకుని శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా గంటలు రాసుకుంటూ పోతే అసలు సంగతి తేలుతుంది.

శుక్రవారం గుడారం వేసుకోవాలి, పొయ్యి దించుకోవాలి, నీళ్లు తెచ్చుకోవాలి. ఉప్పూ మసాలా తగలని పచ్చి మాంసాన్ని నిర్వాహకులకు చూపించాకే దాని మీద చెయ్యి వెయ్యాలి. తనిఖీ అయ్యేదాకా మాంసం నాలుగు డిగ్రీల సెల్సియస్ చల్లదనంలోనే ఉండాలి. తరవాత కొవ్వు కొయ్యడం, మసాలా పట్టించడం. కోడి తొడల చర్మం కింది కొవ్వును కత్తితో గీకడం ఒక్కటే గంటల పని. సాయంత్రం వంటగాళ్ల సమావేశం. ఇదంతా ఇద్దరు చెయ్యగలరు. ముగ్గురుంటే తీరిగ్గా చెయ్యగలరు.

అసలు పరీక్ష రాత్రి మొదలవుతుంది. అయిదారు కిలోల బ్రిస్కెట్‌ని 110-120 డిగ్రీల సన్నని సెగ మీద పాత పద్ధతిలో వండితే పది నుంచి పద్నాలుగు గంటలు పడుతుంది. ఆ పైన గంటో రెండు గంటలో సేదతీరాలి. ఒకటిన్నరకు ఇవ్వాలంటే అర్ధరాత్రికి ముందూ వెనకా పొయ్యి మీదకెక్కాల్సిందే. మాంసం లోపలి వేడి 65-75 డిగ్రీల మధ్యకు వచ్చాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. పైనున్న తడి ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది - కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. గంటలు గడిచినా ముల్లు కదలదు. తెల్లవారుజామున నిద్ర కళ్లతో అది చూసినవాడికి గుండె జారిపోతుంది. మంట పెంచుదామనిపిస్తుంది. పెంచితే చెడుతుంది. ఆ వేళలో కావాల్సింది పదిమంది కాదు. ఓపిగ్గా చూసేవాడు ఒకడు, రెండింటికి లేచి 'నువ్వు పడుకో' అనేవాడు మరొకడు.

తెల్లారాక పక్కటెముకలు, ఆనక కోడి. పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా రెండు గంటలు మాత్రం చేతులు సరిపోవు. ఒకరు కొయ్యాలి. ఒకరు ఆకులు పరిచి ముక్కలు సర్దాలి. ఆరుగురికీ తక్కువ కాకుండా ముక్కలున్నాయో లేదో చూడాలి. ఒకరు పెట్టె పట్టుకుని, దారిలో ఎవరికీ తగలకుండా, తడబడకుండా న్యాయనిర్ణేతల గుడారం దాకా నడవాలి. అంటే రోజున్నర పోటీలో ముగ్గురు తప్పనిసరయ్యేది రెండు గంటలే! ఏడుగురు అవసరమయ్యే గంట ఒక్కటీ లేదు.

తాడు లాగిన లెక్క

మనుషులు పెరిగితే పని తేలికవుతుందని అందరూ అనుకుంటారు. ఫ్రాన్స్‌లో మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు ఇది నిజమేనా అని తాడు లాగించి చూశాడు. 1880లలో చేసిన ఆ ప్రయోగాల ఫలితాలను 1913లో ప్రచురించాడు. ఒక్కడు లాగితే వచ్చే బలాన్ని నూరు అనుకుంటే, ఇద్దరున్నప్పుడు తలా 93 పడింది. నలుగురైతే 77. ఎనిమిదిమందైతే 49! గుంపులో గోవిందా అన్నమాట ఊరికే పుట్టలేదు. కొంత ఒకరి లాగుడుతో మరొకరి లాగుడు కలవక, కొంత 'పక్కవాడు లాగుతున్నాడుగా' అన్న ధీమాతో బలం కారిపోతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇద్దరుంటే వారి మధ్య మాటల దారి ఒకటే. నలుగురుంటే ఆరు దారులు. ఎనిమిదిమందైతే ఇరవై ఎనిమిది. 'ఉప్పు నువ్వేశావనుకున్నా' అన్న మాట ఆ ఇరవై ఎనిమిది దారుల్లో ఎక్కడైనా పుట్టొచ్చు. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా సాఫ్ట్‌వేర్ పనిచేసే తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశాడు. కోడి పెట్టె పన్నెండింటికి అందాల్సి ఉండగా పదకొండు నలభైకి బావమరిదికి కత్తి పట్టుకోవడం నేర్పడం అచ్చం అలాంటిదే.

ఆ మాటకొస్తే తెలుగునాట పెళ్లివంటలు వండే మేస్త్రిని అడిగినా ఇదే చెబుతాడు. గాడిపొయ్యి తవ్వించాక ఆయన తన మనుషుల్ని తను తెచ్చుకుంటాడు. పప్పు దగ్గర ఒకడు, అన్నం వార్చడానికి ఇద్దరు, కూరలు తరగడానికి ఆడవాళ్లు... ఎవరి పని వాళ్లది. పెళ్లివారి బంధువులు సరదాగా వచ్చి గరిటె పట్టుకుంటే నవ్వుతూనే కుర్చీ చూపిస్తాడు. ఇద్దరు రుచి చూసి ఇద్దరూ ఉప్పేస్తే సాంబారు సంగతేంటి మరి!

పెద్ద జట్టుకూ చోటుంది

అలాగని పెద్ద జట్లన్నీ తెలివితక్కువవా? కానే కాదు. టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు వెళ్తే లెక్క మారిపోతుంది. 'మెంఫిస్ ఇన్ మే' ఉత్సవంలో 1978లో మొదలైన పోటీలో పందిమాంసానిదే రాజ్యం. భుజం, పక్కటెముకలు, లేదంటే పంది మొత్తంగా! బాగా బరువు తూగే పందిని పొయ్యి మీదకెక్కించడానికి, దించడానికి మనుషులు కావాలి. పైగా అక్కడి పద్ధతిలో పెట్టె పంపితే చాలదు. న్యాయనిర్ణేతలు ఒకరి తరవాత ఒకరు గుడారానికే వస్తారు. ఎదురెళ్లి ఆహ్వానించేవారు ఒకరు, పొయ్యి దగ్గర నిలబడి ఏం చేశారో, ఎలా చేశారో వివరించేవారు ఒకరు, బల్ల సర్దేవారు ఒకరు... ఆ పదిహేను నిమిషాలు వంటతోపాటు మర్యాదకూ పరీక్షే. దానికితోడు రోజుల తరబడి సాగే తిరునాళ్ల సందడి. అందుకే అక్కడ సభ్యత్వం, చందాలు పెట్టుకుని పదుల సంఖ్యలో మనుషులున్న జట్లు కనిపిస్తాయి. పదిమంది పంచుకుంటే ఖర్చు తేలిక, గెలిస్తే సంబరం పదింతలు.

విచిత్రమేంటంటే, ఆ మెంఫిస్‌లోనే మొదటి ఏడాది గెలిచింది బెస్సీ లూ కాథీ అనే మహిళ. పన్నెండు డాలర్లు కట్టి పోటీలో దిగి అయిదు వందల డాలర్లు అందుకుంది. చేతి కింద ఎందరున్నారన్నదానికన్నా చెయ్యి ఏం నేర్చుకుందన్నది ముఖ్యమనడానికి ఆమె చాలు.

చిన్న జట్లకు ఇప్పుడు యంత్రాలూ తోడయ్యాయి. వేడి తగ్గితే తనంతట తానే గాలి ఊదే చిన్న ఫ్యానులొచ్చాయి. వాటిని చేసే ఒక కంపెనీ పేరులో 'గురు' అన్న మాట కూడా ఉంది! కర్రపొట్టు గుళికలతో నడిచే పొయ్యిలను సైతం కాన్సస్ సిటీ పద్ధతి ఒప్పుకుంటుంది. సెగ పెంచి బ్రిస్కెట్‌ని అయిదారు గంటల్లోనే దించేసే పద్ధతీ వచ్చింది. దాంతో రాత్రి కాపలా ఉద్యోగం పోయినంత పనయింది. భార్యాభర్తలే జట్టుగా వెళ్లేవాళ్లున్నారు, ఒంటరిగా వండేవాళ్లూ ఉన్నారు.

కానీ ఒంటరికి ఉన్న కష్టం యంత్రం తీర్చేది కాదు. చెయ్యి తెగితే కట్టు కట్టేవారుండరు. మసాలా ఎక్కువైందేమో అన్న అనుమానమొస్తే రుచి చూసి నిజం చెప్పే నాలుక ఉండదు. రాత్రంతా పొగ పీల్చిన నోటికి ఉప్పూ తీపీ తేడా తెలియదు. 'ఇది బాగాలేదు' అని మొహం మీద చెప్పగల మనిషి ఒకరుండాలి. అలాంటివారు ఒకరు దొరికితే నలుగురు సహాయకులతో సమానం.

చెప్పడం ఎలా?

తిరిగి ఆ ప్లంబరూ నర్సుల దగ్గరకొస్తే, వాళ్ల కాగితం మీద తేలింది మూడు. ఇద్దరు వండాలి, మూడోవారు సర్దాలి, పెట్టె మొయ్యాలి, రాత్రి ఒక జాము మేలుకోవాలి. పక్కింటి మిత్రుడు ఆ పనికి సరిపోతాడు. ట్రెయిలర్ ఉన్నందుకు కాదు, తెల్లవారుజామున కూడా విసుక్కోని మనిషి అయినందుకు. మరి మిగిలిన నలుగురు? ఇక్కడే చాలా జట్లు తప్పటడుగు వేస్తాయి. మొహమాటానికి అందర్నీ రమ్మంటారు. అక్కడికి వెళ్లాక పని చెప్పరు. పని లేనివాడు సలహాలిస్తాడు. సలహా వినకపోతే అలుగుతాడు. సోమవారం నాటికి ట్రోఫీ మాట అటుంచి, స్నేహం తగ్గిపోయి ఉంటుంది.

ముందే చెప్పడం మేలు. 'నువ్వొద్దు' అంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. 'శనివారం ఒకటిన్నర దాటాక రా, నీ పళ్లెం తీసి పెడతాం' అంటే అది పిలుపే అవుతుంది. కొడుక్కి మాత్రం ఒక ఏడు పొయ్యి కడిగే పని ఇవ్వొచ్చు. వచ్చే ఏడు కత్తి అందుకుంటాడు. జట్టులో ఒకరు జబ్బు పడ్డ రోజున ఆ కుర్రాడే నిలబడతాడు. బావమరిదికి చొక్కా కుట్టించడానికి అభ్యంతరమేముంది? చొక్కాల లెక్కకూ చేతుల లెక్కకూ పొంతన ఉండాలని ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.

ఒకటిన్నరకు చివరి పెట్టె వెళ్లిపోయాక గుడారంలో బోలెడు మాంసం మిగులుతుంది. అయిదారు కిలోల బ్రిస్కెట్‌లోంచి పెట్టెలోకి వెళ్లేది కొన్ని ముక్కలేగా! ముగ్గురు తినగలిగేది కాదది. అప్పుడు కావాలి మనుషులు... వీధిలోవాళ్లు, ఆఫీసువాళ్లు, పిల్లలు, పక్క గుడారంవాళ్లు. వండేటప్పుడు ఎంత తక్కువమందైనా ఫర్వాలేదు. తినేటప్పుడు మాత్రం లెక్కపెట్టకూడదు.