ఇనుప మాత్రలు - ఇనుప కాళ్లు

అంతర కళాశాలల పోటీలు దగ్గర పడేసరికి మన గ్రౌండులో ప్రతి ఏడాదీ ఒక కొత్త వైద్యశాస్త్రం పుట్టుకొస్తుంది. ఒక ఏడాది గ్లూకోజు, ఇంకో ఏడాది పచ్చిగుడ్డు. ఈసారి వంతు ఐరన్ మాత్రలది. "వేసుకో అక్కా, పరుగులో ఎక్కడలేని బలం వస్తుందట" అంటూ ఒక జూనియర్ అమ్మాయి నా చేతిలో మాత్రల షీటు పెట్టింది. 1500 మీటర్లు పరుగెత్తేదాన్ని, బలం నాకు మాత్రం చేదా? అయినా మింగే ముందు మా జువాలజీ మేడమ్ గారిని, ఆ తర్వాత ఒక డాక్టరు గారిని అడిగాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మన ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగుచేస్తే 3, 4 గ్రాములకు మించదు. ఓ చిన్న మేకంత! అందులో ఎక్కువ భాగం రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ప్రాణవాయువును మోసే కూలీ అదే. కూలీలు తక్కువైతే కాళ్లలో ఎంత కసి ఉన్నా రెండో రౌండుకే ఆయాసం. అయితే కూలీలు సరిపడా ఉన్నచోట ఇంకా మాత్రలు పోస్తే పని పెరగదు. ఇనుము లోటును తీర్చే మందే గాని, ఉత్సాహాన్నిచ్చే టానిక్కు కాదు.

పైగా అదనంగా చేరిన ఇనుమును బయటకు తోసే దారి శరీరానికి దాదాపు లేదు. మలబద్ధకం, కడుపునొప్పి సరేసరి. కొందరికి పుట్టుకతోనే ఇనుము పేరుకుపోయే తత్త్వం ఉంటుంది. వాళ్లకు లివరు, గుండె దెబ్బతినవచ్చు.

మరి ఆటగాళ్లకు లోటు రాదా? వస్తుంది. చెమటలో కొంత పోతుంది. గట్టినేల మీద పరుగుకు పాదాల్లో కొన్ని రక్తకణాలు పగులుతాయి. గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటలపాటు పేగులు ఇనుమును సరిగా పీల్చుకోవు. ఆడపిల్లలకు నెలనెలా పోయేది వేరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. జెర్సీ వేసుకున్నంత మాత్రాన మనం ఆ లెక్కలోంచి తప్పుకోలేదు.

మా జట్టులోనే ఇద్దరిని చూశాను. ఒకమ్మాయి ప్రాక్టీసులో వెనకబడితే అందరూ "బద్ధకం" అన్నారు. ఆ మాట పడలేక ఆట మానేస్తానని ఏడ్చింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. ఉండాల్సింది 12. డాక్టరు గారి మందుతో కొన్ని నెలలకు కోలుకుంది. ఇంకో అమ్మాయి పరీక్ష లేకుండానే మాత్రలు మింగి కడుపు పాడుచేసుకుంది. ఆమెకు రక్తం బాగానే ఉంది. లేనివల్లా పొద్దుటి టిఫినూ, రాత్రి నిద్రా! ఇద్దరి అలసటా చూడ్డానికి ఒకటే, మందు మాత్రం ఒకటి కాదు.

హిమోగ్లోబిన్ బాగున్నా లోపలి నిల్వ తగ్గి ఉండవచ్చు. దాన్ని ఫెరిటిన్ పరీక్ష చెబుతుంది. కొందరిలో రక్తహీనతకు కారణం ఇనుము కాకుండా తలసేమియా లక్షణమో, బి-12 లోపమో కావచ్చు. అందుకే ఊహతో వైద్యం పనికిరాదు. ఇక తిండి విషయం. పప్పు, ఆకుకూరల మీద నిమ్మకాయ పిండుకుంటే వాటిలోని ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. మాంసాహారులకు లివరు మంచిది.

యూనియన్ పెద్దలకు ఒక మనవి. కప్పులకు, బ్లేజర్లకు డబ్బు ఎలాగూ కేటాయిస్తారు. సీజను మొదట్లో ప్రతి క్రీడాకారిణికీ, క్రీడాకారుడికీ ఒక రక్తపరీక్షకు కూడా కేటాయించండి. ఒక పిల్లను బద్ధకస్తురాలు అనే ముందు ఆమె రక్తం ఏం చెబుతుందో వినడం మన బాధ్యత కాదా?