ఆటపెట్టె – కంప్యూటరు

ఆటపెట్టె కాలహరణమునకనియు, కంప్యూటరు విద్యకనియు మన యిండ్లలో నొక నమ్మకము పాతుకొని యున్నది. రెండింటి మూతలను విప్పి చూచినవారికి మాత్రము లోపల కానవచ్చు సామగ్రి యించుమించుగా నొక్కటియే.

ఈ కలయిక నిన్న మొన్నటిది కాదు. 1983లో జపానునందు నింటెండోవారు తమ యాటపెట్టెకు 'ఫ్యామిలీ కంప్యూటర్' అనియే పేరిడిరి. మరుసటి సంవత్సరమే దానికి కీబోర్డు నమర్చి, బేసిక్ భాషలో పిల్లలు తమ యాటలను తామే వ్రాసికొనుటకు వీలు కల్పించిరి. 2001లో మైక్రోసాఫ్టువారు తెచ్చిన ఎక్స్‌బాక్సులో కంప్యూటర్లకు వాడెడి పెంటియమ్ జాతి ప్రాసెసరును, హార్డుడిస్కును ఉండెను. 2013లో వెలువడిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అను రెండింటి ప్రాసెసర్లును కంప్యూటరు వంశములోనివే. 2022లో వాల్వ్ సంస్థవారు విక్రయింప మొదలిడిన స్టీమ్ డెక్ చేతబట్టి యాడుకొనునది. తెరయు కీబోర్డును తగిలించినచో నదియే లినక్స్ కంప్యూటరు.

మరి భేదమెచ్చట? తాళమునందు. కంప్యూటరులో మనకు వలసినదానిని మనమే చేర్చుకొనగలము, వ్రాసికొనగలము. ఆటపెట్టెలో దానిని చేసినవారు సమ్మతించినదే నడచును. ఆ తాళము వలన లాభము లేకపోలేదు. పిల్లలు కనబడిన దానినెల్ల నందులో చేర్చి పాడుచేయజాలరు. కాని తాళపుచెవి యెవరి కొంగున నున్నదో చూచుకొనవలదా? 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో లినక్స్‌ను పెట్టుకొనుటకు సోనీవారు మొదట స్వేచ్ఛ నిచ్చిరి. అమెరికా వైమానికదళమువారు అట్టి పెట్టెలను 1,700కు పైగా జతపరచి యొక సూపర్‌కంప్యూటరునే నిర్మించిరి. 2010 ఏప్రిలులో సోనీవారే యొక అప్‌డేటును పంపి యా సౌకర్యమును తొలగించిరి. దానిని వలదన్నవారికి ఇంటర్నెట్టులో నితరులతో నాడు వీలు లేకపోయెను. ఇల్లమ్మినవాడు కొన్నేండ్లకు తిరిగివచ్చి పెరటిగదికి తాళము వేసిపోయినట్లున్నది గదా! కొన్నవారు న్యాయస్థానమున కెక్కిరన్న నాశ్చర్యమేమి?

మా యింట నీ ప్రశ్న సొమ్ము మూలమున వచ్చినది. ఉపాధ్యాయుని జీతములో కూడబెట్టినది యొక్క యంత్రమునకే చాలును. అబ్బాయి యాటపెట్టె కోరెను. మావారు కంప్యూటరనిరి. అమ్మాయి యేమియు కోరలేదు; అదియే మమ్ము కలతపెట్టినది. మే మెరిగిన పెక్కిండ్లలో నాటపెట్టె కొడుకు సొత్తు, కంప్యూటరు తండ్రి బల్లమీది వస్తువు. కూతురికి రెండింటను భాగము లేదు. చెంతకు పిలిచి యడుగగా, ఆటలో పక్షి యెట్లెగురుచున్నదో, ఆ యెగురుటను వ్రాయుట యెట్లో తనకు తెలియవలెనని మెల్లగా చెప్పినది. తాళము వేసిన పెట్టె యా కోరికను తీర్పజాలదు. కావున కంప్యూటరునే కొని, ఆటకు వలయు కంట్రోలరును దానికే తగిలించితిమి. సాయంకాలమున నొక గంట అబ్బాయిది, తరువాతి గంట అమ్మాయిది. పాస్‌వర్డు ఇంటిల్లిపాదికిని తెలియును. మొన్న అమ్మాయి వ్రాసిన పక్షి తెరమీద కొంత యెగిరి, గోడను దాటలేక క్రిందపడినది. దానిని దాటింపవలెనని అబ్బాయి తన గంటను గూడ దానికే వెచ్చించుచున్నాడు.