వేషం విప్పేదెవరు?

మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేవారట. వారం పదిరోజులు ఊళ్ళోనే మకాం. రోజుకో వేషం. తెర లేదు, దీపాలు లేవు; వీధే రంగస్థలం, ఊరే ప్రేక్షకులు. ఒకరోజు కోర్టు అమీనా ఒకడు మా ముత్తాతగారి గుమ్మంలోకొచ్చి, "డిక్రీ అయింది, సామాను జప్తు" అంటూ బిందెలు లెక్కపెట్టడం మొదలెట్టాడట. ముత్తాతకి నిజంగానే అప్పుండేది. ఆయన రెండు చేతులూ జోడించి, "బాబ్బాబు, పంట ఇంటికొచ్చేదాకా ఆగండి" అన్నాడట. ఆ చేతులు చూడగానే అమీనా తలపాగా తీసేసి, "అయ్యా, నేను వేషగాణ్ణి. తమరు దణ్ణం పెడితే నాకు పాపం" అన్నాడట. ఆఖరిరోజున అందరూ మామూలు బట్టల్లో ఇంటింటికీ వచ్చి ధాన్యం పెట్టించుకుని వెళ్ళారట.

ఈ కథ నేను వందసార్లు విన్నాను. అందులో ఉన్న సంగతి మాత్రం కిందటేడు హాస్టల్లో గాని నాకు బోధపడలేదు.

ఫ్రెషర్స్ డేకి ఏదైనా కొత్తగా చేయాలని మా నలుగురికీ బుద్ధి పుట్టింది. అమెరికాలో 2001లో జరిగిన ఒక ఆట గురించి అప్పుడే చదివి ఉన్నాం. స్పీల్‌బెర్గ్ తీసిన 'ఎ.ఐ.' సినిమా ప్రచారం కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ళు అల్లిన ఆట అది. సినిమా ప్రకటనలో పనిచేసినవాళ్ళ పేర్ల మధ్య, యంత్రాలకు మానసిక వైద్యం చేసే జీనీన్ సల్లా అనే ఆవిడ పేరు కనిపిస్తుంది. ఆ పేరు పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే, ఆవిడ 2142వ సంవత్సరంలో బెంగుళూరు వరల్డ్ యూనివర్సిటీలో పనిచేస్తున్నట్టు తేలుతుంది! అక్కణ్ణించి ఒక హత్య, దాని ఆరా, నిజమైన ఫోన్లు, నిజమైన ఈ-మెయిళ్ళు. ఆ చిక్కుముళ్ళు విప్పడానికి ఒక్క బృందంలోనే 7,000 మందికి పైగా చేరారు. "ఇది ఆట కాదు" అన్నది ఆ ఆటకి నినాదం.

మేమూ అదే పట్టుకున్నాం. రాఘవ అనే కుర్రాణ్ణి సృష్టించాం. 1987లో మా హాస్టల్లో ఉండి, చెప్పాపెట్టకుండా మాయమైన కుర్రాడు. కొత్త సిమ్ కార్డు ఒకటి కొని, వాడి పేరుతో జూనియర్లకి వాట్సాప్‌లో కబుర్లు పంపడం మొదలెట్టాం. లైబ్రరీలో పాత పుస్తకం మధ్య ఒక చీటీ, మెస్ గోడమీద సుద్దముక్కతో ఒక అంకె. మూడురోజులు మహా సందడిగా గడిచింది. లైబ్రరీ గుమ్మం తొక్కనివాళ్ళు అటకల మీది పుస్తకాలు దులిపారు. ఒకరి ముఖం ఒకరు చూడని తెలుగు ఎం.ఎ. వాళ్ళూ కెమిస్ట్రీ వాళ్ళూ ఒకే చీటీ మీద తలలు వంచి కూర్చున్నారు. ఆ మంచిని నేనిప్పటికీ కాదనను.

నాలుగోరాత్రి రాఘవ చేత, "నాకిక ఓపిక లేదు. ఆఖరి బండికి వెళ్ళిపోతున్నాను" అనిపించాం. కామన్ రూములో రైలుబొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి ఉంది. దాని వెనక్కి చూడమని మా ఉద్దేశం. తెలివైన ఆధారం పెట్టామని మురిసిపోయి, ఫోను సొరుగులో పడేసి పడుకున్నాం.

తెల్లవారుజామున రైల్వే పోలీసులు మా జూనియర్ని ఒకణ్ణి వెంటబెట్టుకుని హాస్టలుకి వచ్చారు. రాత్రి పదకొండు నుంచీ టార్చిలైటు పట్టుకుని పట్టాల వెంట తిరుగుతున్నాడట. మోకాలు చీరుకుపోయింది. నన్ను చూడగానే అడిగిన మొదటిమాట: "అన్నా, రాఘవ దొరికాడా?"

సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ముందే చెప్పొచ్చుగా అన్నా?" అన్నాడు.

"చెబితే ఆట ఉండదు కదరా."

"పోనీ, నేను ఫోన్ చేసినప్పుడైనా చెప్పొచ్చుగా."

సొరుగు తీసి చూశాను. రాఘవ ఫోనులో 17 మిస్డ్ కాల్స్.

విషయం బయటికొచ్చాక ఇలాంటి ఆటలే కూడదన్నారు పెద్దలు. బాగా ఆలోచిస్తే తప్పు ఆటది కాదనిపిస్తుంది నాకు. కల్పన నిజంలా ఉండడం మనకేం కొత్త కాదు. ఆ అమీనా అంతకన్నా నిజంలా ఉన్నాడు. కానీ అతని కళ్ళు మా ముత్తాత చేతులమీద ఉన్నాయి. మా కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి.

ఆ అమెరికా ఆటగాళ్ళ కథ ఇంకొంచెం ఉంది. ఆట ముగిసిన కొద్దివారాలకే, 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. కొందరు ఆటగాళ్ళు దీన్నీ మనమే ఛేదిద్దామని బయల్దేరారు. బృందాన్ని నడిపేవాళ్ళు, ఇది ఆట కాదు, నిజం, ఆపండని అడ్డుకున్నారు. ఫోన్లతో, ఫ్యాక్సులతో నడిచే 'మెజెస్టిక్' అనే మరో ఆటను కూడా ఆ సంస్థ కొన్నాళ్ళు నిలిపివేసింది. అక్కడ చెప్పేవాళ్ళున్నారు.

లేనిచోట ఏమవుతుందో 2016లో వాషింగ్టన్‌లో తేలింది. ఒక పిజ్జా హోటలు నేలమాళిగలో పిల్లల్ని బంధించారని పుకారు. ఎవరివో బయటపడ్డ ఈ-మెయిళ్ళలో రహస్య సంకేతాలున్నాయంటూ జనం, అచ్చం ఆటలోలాగే, ఆధారాలు 'కనిపెట్టారు'. డిసెంబరు 4న ఒకతను పిల్లల్ని విడిపిద్దామని తుపాకీతో వెళ్ళి లోపల కాల్చాడు. అదృష్టం, ఎవరికీ తగల్లేదు. తీరా చూస్తే పిల్లలూ లేరు, అసలా హోటలుకి నేలమాళిగే లేదు. అతనికి 2017లో నాలుగేళ్ళ శిక్ష పడింది. మా జూనియరూ రక్షించడానికే వెళ్ళాడు. వాడి చేతిలో ఉన్నది టార్చిలైటు, అంతే తేడా. ఆ పుకారుకి కర్త ఒకడు లేడు గనక, వేషం విప్పి "నేను వేషగాణ్ణి" అనేవాడూ లేకపోయాడు.

కాబట్టి మిత్రులారా, ఆట ఎంత నిజంలా ఉందని కాదు, వేషం వెనక మనిషి మేలుకుని ఉన్నాడా అని అడగండి. నమ్మేవాడు తెలివితక్కువవాడని నవ్వకండి. ఆ రాత్రి హాస్టల్లో మనిషన్నవాడు చేయాల్సిన పని చేసినవాడు వాడొక్కడే.

ఈ ఏడు కూడా ఫ్రెషర్స్‌కి ఆట పెడుతున్నారు. కథ కల్పితమని మొదటే నోటీసుబోర్డులో చీటీ అంటిస్తారు. ఆఖరిరోజున ఆడించినవాళ్ళందరూ స్టేజీ ఎక్కి పేర్లు చెబుతారు. రాఘవ ఫోను ఎవరి దగ్గరుండాలని మాటొస్తే, మా జూనియర్ చెయ్యెత్తాడు.

"నా దగ్గరుంచండన్నా. నేనెత్తుతాను."