తొలి రెండు నిమిషాలు

కొన్ని జబ్బులకు సిగ్గెక్కువ. వైద్యుడి గడప తొక్కేసరికి మాయమవుతాయి. నిరుడు చలికాలంలో మా పాత కారును పట్టుకున్న జబ్బు ఆ కోవలోది.

నేనుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువకు పోవడం వింతేమీ కాదు. మా కారు పదిహేడేళ్ళది, నాలుగు సిలిండర్లది. దానికి షెడ్డు లేదు, రాత్రంతా ఆరుబయటే. డిసెంబరు నెలాఖరు నుంచి పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజను అంటుకునేది గాని కుదురుగా నిలిచేది కాదు. నిమిషానికి ఎన్ని చుట్లో చూపే సూది 600కూ 1,100కూ మధ్య ఊగిసలాడేది. స్టీరింగు మీద పెట్టిన నా చేతులు చలిజ్వరం వచ్చినవాడి చేతుల్లా వణికేవి. ఇదంతా రెండు, రెండున్నర నిమిషాలు. తరవాత ఏమీ ఎరగనట్టు నెమ్మదించేది.

మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్తే ఆయన చెవి ఒగ్గి విని, "దీనికేం, బాగానే ఉంది కదా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఇంటి నుంచి ఆయన షాపుకు ఇరవై నిమిషాల దారి. నేను చేరేసరికి ఇంజను వేడెక్కి బుద్ధిమంతుడిలా కూర్చునేది. రెండోసారి వెళ్ళినప్పుడు నా మాట తీసెయ్యలేక స్పార్కు ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్ళు మార్చాడు. డబ్బు వదిలింది, వణుకు వదలలేదు. మూడోసారి, "పాతబడిపోయింది, అమ్మేసుకోండి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. కొత్త కారు కొనే వెసులుబాటూ అప్పట్లో లేదు.

చల్లని ఇంజనుకు ఆకలెక్కువన్న సంగతి మన తరం వాళ్ళకు తెలియనిది కాదు. చలిపొద్దున మా నాన్న స్కూటరును ఇంజను వైపుకు వంచి, చోకు లాగి, అప్పుడు కిక్కు కొట్టేవారు. చల్లని లోహానికి తగిలిన పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, కొంత గోడలకు అంటుకుపోతుంది. అందుకని ఎక్కువ పోయాలి. ఇప్పటి కార్లలో ఆ చోకు లాగే చెయ్యి కంప్యూటరుది. ఇంజనులో తిరిగే నీరు ఎంత చల్లగా ఉందో ఒక సెన్సరు చెబుతుంది, లోపలికి ఎంత గాలి పోతున్నదో ఇంకొకటి చెబుతుంది. ఆ లెక్కన కంప్యూటరు పెట్రోలు వడ్డిస్తుంది. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి, తూకంలో. వడ్డన సరిపోయిందో లేదో పొగగొట్టంలోని ఆక్సిజను సెన్సరు రుచి చూసి చెప్పాలి. అయితే అది సుమారు 300 డిగ్రీల వేడెక్కితే గాని నోరు విప్పదు. అంటే తొలి నిమిషాల్లో కంప్యూటరు వడ్డించేది కళ్ళకు గంతలు కట్టుకునే. ఆ కాస్త సేపట్లో చిన్న అబద్ధం ఎవరు చెప్పినా ఇంజను తడబడుతుంది. తరవాత ఆక్సిజను సెన్సరు మేలుకొని పొరపాటును సర్దేస్తుంది. అబద్ధం అలాగే ఉంటుంది, మనకు కనబడదు, అంతే.

ఆ అబద్ధం చెబుతున్నదెవరో పట్టుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, రోజుకు ఒక్క ప్రయోగమే చెయ్యగలం. ఒకసారి ఇంజను నడిపితే ఆ పూటకు ఆట ముగిసినట్టే. మళ్ళీ రాత్రంతా చలిలో నానాలి. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే పరీక్షా ద్వారం స్టీరింగు కింద ఉంటుంది. దానికి తగిలించే చిన్న యంత్రం ఒకటి కొన్నాను. ఒక నోటుపుస్తకం పెట్టాను. ఒక పొద్దుకు ఒక ప్రశ్నే అని నియమం పెట్టుకున్నాను.

మొదటి పొద్దున తాళం సగమే తిప్పి, ఇంజను నడపకుండా అంకెలు చూశాను. రాత్రంతా బయట ఉన్న కారులో నీటి ఉష్ణోగ్రతా, గాలి ఉష్ణోగ్రతా ఇంచుమించు ఒకటే కావాలి. మైనస్ 11, మైనస్ 12 చూపాయి. నీటి సెన్సరు నిజమే చెబుతోంది. ఒక అనుమానితుడు విడుదల.

రెండో పొద్దున వణుకును చివరిదాకా గమనించాను. ఆక్సిజను సెన్సరు మేలుకోగానే కంప్యూటరు పెట్రోలును నూటికి ఇరవై వంతులు పెంచి వడ్డించసాగింది. వేడెక్కాక అది తొమ్మిదికి దిగింది. యాక్సిలరేటరు తొక్కి 2,500 చుట్లకు తీసుకువెళ్తే రెండే. ఈ మూడు అంకెలు నాకు సగం కథ చెప్పేశాయి. లెక్కలోకి రాని గాలి ఎక్కడి నుంచో దొంగతనంగా లోపలికి పోతోంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలి తక్కువ, లోపలి శూన్యం ఎక్కువ. చిన్న చిల్లయినా అప్పుడు పెద్ద వాటా. వేగం పెరిగితే అసలు గాలి వరదలో ఆ దొంగగాలి లెక్కకు రాదు. సవరణ హద్దు దాటలేదు కనుక హెచ్చరిక దీపమూ వెలగలేదు.

తరవాతి మూడు పొద్దులు నిరాశే. థ్రాటిల్ లోపల పేరుకున్న మసి తుడిచాను, తేడా లేదు. బ్రేకుకు పోయే గొట్టాన్ని శ్రావణంతో నొక్కి చూశాను, తేడా లేదు. క్రాంకుకేసు గాలి గొట్టాన్నీ అలాగే చూశాను, అంతే. చేతి తొడుగులు తీస్తే వేళ్ళు కొయ్యబారేవి. మా ఆవిడ కిటికీలోంచి చూసి తల పట్టుకునేది.

ఆరో పొద్దున కార్బురేటరు శుభ్రం చేసే స్ప్రే డబ్బా తెచ్చాను. అది భగ్గున మండే ద్రవం. వేడి ఇంజను మీద చల్లకూడదు, మంట ఆర్పే సీసా పక్కన ఉండాలి. చల్లని ఇంజనును నడిపి, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డు అతుకు వెంట కొద్దికొద్దిగా చల్లుతూ పోయాను. ఒకటో సిలిండరు దగ్గర మార్పు లేదు. రెండు, మూడు, లేదు. నాలుగో దాని దగ్గర చల్లగానే వణుకు ఆగింది. సూది నిలబడింది. మూడు క్షణాల తరవాత మళ్ళీ వణుకు. మళ్ళీ చల్లాను, మళ్ళీ ఆగింది. చిల్లు గుండా గాలితోపాటు ఆ ద్రవమూ లోపలికి పోయి పెట్రోలు లోటు తీరుస్తోందన్నమాట. సాయంత్రం వేడి ఇంజను మీద చెయ్యకూడని పని కనుక చెయ్యలేదు. అవసరమూ లేకపోయింది. అక్కడి రబ్బరు గాస్కెట్టు ముదిరి గట్టిబడింది. చలికి ముడుచుకొని సందు ఇస్తోంది, వేడికి ఉబ్బి చాలావరకు మూసుకుంటోంది. ఒక శనివారం మిత్రుడి గ్యారేజీలో మానిఫోల్డు విప్పి ఇరవై డాలర్ల గాస్కెట్టు వేశాను. మర్నాడు మైనస్ 14లో తాళం తిప్పితే 1,300 దగ్గర నిలిచి, మెల్లగా దిగి, కుదురుకుంది.

ఇంతవరకే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

సామర్లకోటలో ఉన్న మా అమ్మకు రోజూ ఉదయం ఏడింటికి, ఆఫీసుకు బయలుదేరుతూ ఫోను చేస్తాను. అక్కడ సాయంత్రం ఆరున్నర. "నాకేం నాన్నా, లక్షణంగా ఉన్నాను" అనేది. ఆ గొంతూ అలాగే ఉండేది. కారు బాగైన వారంలోనే ఒకరోజు ఆ వేళకు కుదరక, రాత్రి ఏడింటికి చేశాను. అక్కడ పొద్దున ఆరున్నర. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తి, జారవిడిచి, మళ్ళీ అందుకుంది.

"వేళ్ళు పట్టేశాయిరా. రోజూ ఉండేదే. ఎండెక్కితే అవే సర్దుకుంటాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా ముందు నుంచి. డాక్టరు గారికి చూపించాను కూడా. వయసు మీద పడింది, అంతే అన్నారు."

"ఏ వేళప్పుడు వెళ్ళావు?"

"భోజనాలయ్యాక. తమ్ముడు ఖాళీగా ఉండేది అప్పుడే కదా."

నా నోట మాట రాలేదు. ఎండెక్కిన తరవాత ఆవిడ వేళ్ళు వంగుతాయి, గొంతు నవ్వుతుంది. ఆ వేళకే వైద్యుడూ చూశాడు, ఆ వేళకే నేనూ విన్నాను. మూడు నెలలు.

తమ్ముడికి చెప్పి, వారం రోజులు పొద్దున్నే గడియారం పెట్టించాను. పిడికిలి బిగియడానికి ఎంతసేపు పడుతోందో కాగితం మీద రాయించాను. గంటకు తక్కువ ఏ రోజూ లేదు. ఆ కాగితంతో కాకినాడలో కీళ్ళ వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆయన అంకెలు చూసి, వేళ్ళ కణుపులు నొక్కి చూసి, రక్తపరీక్షలు రాశారట. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. వయసు వల్ల వచ్చే కీళ్ళనొప్పుల్లో పొద్దుటి బిగువు సాధారణంగా అరగంటలోపే వదులుతుందని, గంట దాటితే అనుమానించాలని చెప్పారట. వారానికొకసారి వేసుకునే మందు మొదలుపెట్టారు.

గాస్కెట్టులా మార్చెయ్యడానికి వీలున్న జబ్బు కాదది. నెమ్మది మీద తగ్గుతోంది. అమ్మ ఇదివరకటిలా పదిహేను చుక్కల ముగ్గు పెట్టదు, అయిదు చుక్కలతో సరిపెడుతుంది.

ఇప్పుడు రాత్రి ఏడింటికే ఫోను చేస్తున్నాను. "పొద్దున్నే ఏమిట్రా, ఇంకా పాలు కూడా కాచలేదు" అని విసుక్కుంటుంది. ఎన్ని మోతలకు ఎత్తిందో లెక్కపెట్టుకుంటాను. నిన్న నాలుగు.