చేతులు పల్లెలో, కళ్ళు అంకరేజ్‌లో

బెతెల్, అలాస్కా

పెదనాన్నా,

ఇక్కడికి రోడ్డు లేదు. అంకరేజ్ నుంచి దాదాపు 640 కిలోమీటర్లు విమానంలోనే రావాలి. ఈ యూకాన్-కుస్కొక్విమ్ డెల్టా చాలా పెద్దది. పల్లెలు ఎక్కడెక్కడో విసిరేసినట్టుంటాయి. వేసవిలో పడవ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బండ్లు, గాలి ఒప్పుకుంటే చిన్న విమానం.

ఇలాంటి చోట నడుం పట్టేస్తే డాక్టరు చెయ్యి వేసి చూసేదెట్లా? అది చూద్దామనే నది పక్కన ఒక పల్లె క్లినిక్‌కు వెళ్ళాను. రోగి సాల్మన్ వలలు లాగే, ఇక్కడి యూపిక్ తెగ మనిషి. నడుములో మొదలైన నొప్పి ఎడమ పిక్క దాకా లాగుతోందట. మీ సయాటికాకి అన్నదమ్ముడే. డాక్టరు అంకరేజ్‌లో, తెర మీద. గదిలో నేనుండటానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

డాక్టరుకు చేతులు ఆ ఊరి ఆడమనిషే. హెల్త్ ఎయిడ్ అంటారు. 1950లలో క్షయ ప్రబలినప్పుడు మందులు ఇవ్వడానికి ఊరివాళ్ళనే పెట్టుకున్నారు. ఆ ఏర్పాటే 1968లో ప్రభుత్వ నిధులతో నిలదొక్కుకుంది. నాలుగు విడతల శిక్షణ, పక్కన లావుపాటి మాన్యువల్. 1970ల మొదట్లోనే వీళ్ళు ఏటీఎస్-1 ఉపగ్రహం మీదుగా డాక్టర్లతో మాట్లాడేవారు. అప్పుడు గొంతు ఒక్కటే వినపడేది.

పరీక్ష ఇంకా మొదలుకాలేదనుకున్నాను. రోగి బూట్లు విప్పడానికి వంగాడు. ఒక చేయి కుర్చీ మీద ఆనించి, ఎడమకాలు చాపి, మెల్లగా. తెర మీద డాక్టరు అప్పటికే రాసుకుంటున్నాడు! తర్వాత కెమెరా ఒంటి మొత్తం కనబడేలా వెనక్కి జరిపించి, మునివేళ్ళ మీద ఓసారి, మడమల మీద ఓసారి నడిపించాడు. మునివేళ్ళ మీద బాగానే నడిచాడు. మడమల మీద మాత్రం ఎడమ పాదం ముందుభాగం కిందికి జారిపోయింది. ఎల్-5 నరం నొక్కుకుపోయి ఉంటుందని డాక్టరు అనుమానం.

ఆపైన పడుకోబెట్టారు. హెల్త్ ఎయిడ్ ఆయన కాలిని మోకాలు వంగనివ్వకుండా మెల్లగా పైకెత్తింది. 30 నుంచి 70 డిగ్రీల మధ్య నొప్పి మోకాలు దాటి కిందికి పాకితే నరానిదే అనుకుంటారు. "లాగుతోందా?" అన్నాడు డాక్టరు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. ఆమె నవ్వి, "అవునన్నాడుగా" అంది. యూపిక్ జనం కనుబొమలు ఎగరేస్తే అవునని, ముక్కు చిట్లిస్తే కాదని. కెమెరా కాలి మీద పెట్టారు, జవాబేమో ముఖంలో ఉంది!

"ఇప్పుడు నడుం మీద బొటనవేలితో నొక్కు, నీ గోరు తెల్లబడేదాకా" అన్నాడామెతో. అది ఇంచుమించు నాలుగు కిలోల ఒత్తిడి. 1990లో ఫైబ్రోమయాల్జియాను గుర్తించడానికి అమెరికా వైద్యులు పెట్టుకున్న కొలత కూడా అదే. ఆ తర్వాత రెండు కాళ్ళ మీదా దూది రాసి, తేడా ఉందా అని అడిగారు.

అన్నీ తెర మీద కుదరవు. సుత్తితో మడమ వెనక స్నాయువు మీద కొట్టొచ్చు గానీ, బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే ఆ చిన్న అదురు కంటికి ఆనదు. కండ బిగువు చేత్తో పట్టి చూడాల్సిందే. చర్మం రంగు ట్యూబులైటు కింద ఒకలా, కిటికీ దగ్గర ఒకలా కనబడుతుంది. అందుకే ఒక్క ప్రశ్న మాత్రం డాక్టరు రెండుసార్లు అడిగాడు: మూత్రం బిగబట్టినట్టుందా, కాళ్ళ సందున మొద్దుబారిందా? దానికి అవునంటే ఇక తెర కట్టేసి విమానం పిలవడమే. ఆయన ముక్కు చిట్లించాడు. ఈసారి కెమెరా ముఖం మీదే ఉంది.

మన దగ్గర పెద్ద ఆసుపత్రిలో మీకు ఎదురుగా కూర్చున్న డాక్టరు మీ కాలు ఎత్తి కూడా చూడకుండా ఎమ్మారైకి రాసిచ్చాడు. నాకదే గుర్తొచ్చింది, కోపం కూడా వచ్చింది.

మీరూ ఓసారి మడమల మీద పదడుగులు వేసి చూడండి. గోడ పట్టుకుని, పెద్దమ్మను పక్కన ఉంచుకుని. పాదం జారితే నాకు వీడియో కాల్ చేయకండి. నరాల డాక్టరు మీకు ఆటో దూరంలోనే ఉన్నాడు.