నీటిలో పోయినవారి పేరులు

పరదేశమునకు పోయి హోటలునందు దిగినవానికి కనబడు దేశము వేఱు. ఒక గృహస్థు నింట దిగినవానికి కనబడు దేశము వేఱు. మొదటివాడు మేడలను, మ్యూజియములను చూచి వచ్చును. రెండవవానికి ఆ యింట అంట్లెవరు తోముదురో, ముసలివారినెవరు కనిపెట్టుకొని యుందురో, డబ్బు విషయమై భార్యాభర్తలెట్లు మాటలాడుకొందురో కూడ తెలియును. మేము తిరువూరు విడిచి హాలండునకు పోయినప్పుడు డోర్డ్రెహ్టు పట్టణమున నొక కుటుంబమువారు తమ యింట మమ్ముంచుకొనిరి. యజమాని బడిపంతులు, ఇల్లాలు ఆసుపత్రిలో ఉద్యోగిని, యజమాని తల్లి ఎనుబదియేండ్లకు దగ్గఱపడిన వృద్ధురాలు. ఆమెను మేము మామ్మగారని పిలిచితిమి; అర్థము చెప్పగా సంతోషించి, తానును ఆ మాటనే పట్టుకొనెను. భోజనము కాగానే యజమాని లేచి అంట్లు తోముట చూచి మా యూరి మగవారిని తలచుకొని లోలోన నవ్వుకొంటిమి. మధ్యాహ్నము వారు తినునది రెండు రొట్టెముక్కలును, కొంచెము చీజును. అన్నములేని మధ్యాహ్నమునకు అలవాటుపడుట మాత్రము మా వలన కాలేదు.

ఒక శనివారమునాడు దేశము చూపుటకై మమ్ము కారులో ఎక్కించుకొని బయలుదేఱిరి. మొదట కిండర్‌డైకు. అచ్చట కాలువల వెంబడి 19 గాలిమరలు నిలిచియున్నవి. 1997లో యునెస్కోవారు వానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. గాలిమర యనగానే మనవారు పిండి విసరుటకే యనుకొందురు గాని, ఇవి నీరు తోడుటకై 1740 ప్రాంతమున కట్టబడినవి. నేల నదికంటె పల్లమగుటచే పడిన వాననీరు తనంతట తాను పోదు. దానినెత్తి నదిలో పోయవలెను. ఇప్పుడా పని పంపులు చేయుచున్నవి. 1421లో వచ్చిన పెద్ద వఱదలో నొక ఊయల తేలివచ్చెననియు, అది తలక్రిందులు కాకుండ ఒక పిల్లి ఆ కొననుండి యీ కొనకు దుముకుచు సరిచూచెననియు, లోపలి పసిబిడ్డ బ్రతికెననియు అచ్చటివారు కథ చెప్పుకొందురు.

మరలకంటె మాకు వింతయైనది యజమాని దారిలో చెప్పిన మాట. ఆ దేశమున నీటిని పాలించు మండలులు 21 కలవు. వానికి వేఱుగా పన్ను కట్టుదురు; నాలుగేండ్లకొకసారి వేఱుగా ఓటు వేయుదురు. వాని మూలము పదుమూడవ శతాబ్దమునాటిది. రాజులు మాఱినను మతములు మాఱినను ఈ మండలులు నిలిచినవి. మా తిరువూరు ప్రాంతము నాగార్జునసాగరు ఎడమకాలువకు శివారు. మాకు దుఃఖము నీరు రాకపోవుట వలన. వారికి వచ్చుట వలన. మన రాష్ట్రమునను 1997లో చట్టముచేసి రైతులకు నీటి సంఘములను ఏర్పఱచిరి. అయినను పై రైతు తూము తెఱచుకొనిన క్రింది రైతు పైరెండుట మేమెఱుగనిది కాదు. అచ్చట ఒకచోట కట్ట తెగినచో ధనికుడు, పేద యను భేదము లేక అందఱి యిండ్లును మునుగును. ఆ భయమే వారిచేత ఏడువందల యేండ్లుగా ఆ మండలులను నిలిపించుచున్నది కాబోలును.

తరువాత మామ్మగారి కోరికమీద దక్షిణమునకు, ఆమె పుట్టిన జీలండునకు పోయితిమి. ఔవెర్కెర్కు అను గ్రామము. 1953 జనవరి 31 శనివారము రాత్రి తుపానుగాలికి సముద్రము పొంగి కట్టలను తెంచినది. వాతావరణశాఖవారు హెచ్చరిక పంపిరి గాని రాత్రివేళ రేడియో ప్రసారము లేదు. జనులు నిద్రలో నుండిరి. తెగిన కట్టలన్నిటిలో కడపట పూడ్చబడినది ఈ గ్రామమువద్దిది; నవంబరు నెలలో గాని అది మూతపడలేదు. రెండవ ప్రపంచయుద్ధమున రేవులు కట్టుటకై చేయగా మిగిలిన నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలను తెచ్చి దింపి దానిని మూసిరి. 2001నుండి ఆ పెట్టెల లోపలనే వఱద మ్యూజియము నడచుచున్నది.

లోపల చలిగా, చీకటిగా ఉండెను. ఒక గదిలో మృతుల పేరులను ఒక్కొక్కటిగా వెలుగుతో చూపుచుందురు. మామ్మగారు ఒక మూల నిలిచి కదలలేదు. ఆ రాత్రి ఆమెకు ఏడేండ్లు. ఇంటికప్పుమీద తండ్రి యొడిలో గడపెనట. పిన్నతల్లి పోయెను. ఆ పేరు వచ్చువఱకు ఆమె నిలిచి, రాగానే పెదవి కదపి, మరల నడచెను. ఆ గదిని 1835నకు తోడు ఒకటి యను లెక్కతో పిలుతురు. ఆ ఒకటి వఱద రాత్రియే పుట్టి ఆ రాత్రియే పోయిన పసికందు. ఆ బిడ్డను విడిచిపెట్టుట యిష్టములేక లెక్కలో చేర్చుకొనిరి.

బయట బల్లమీద కాఫీ త్రాగుచు మామ్మగారు మీ సముద్ర మెట్టిదని అడిగెను. మేము బందరు సంగతి చెప్పితిమి. 1605లో ఆమె దేశపు వర్తకులే యచ్చట దిగిరనియు, వారి సమాధులిప్పటికిని కలవనియు చెప్పగా ఆశ్చర్యపడెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో బందరున సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవారు పదివేలకు పైగా నందురు. అప్పుడు మేము చిన్నవారము. తిరువూరునుండి సముద్రము కనబడదు. గాలి హోరు మాత్రము వినబడినది. మఱునాడు మొదలు మా యింటి ఆడువారు పులిహోర కలిపి పొట్లములు కట్టుటయు, పాతచీరల మూటలు లారీకెక్కించుటయు జ్ఞప్తియందున్నది.

“పదివేలకు పైగా ననగా ఎందఱు? ఆ పేరులెక్కడ వ్రాసియున్నవి?” అని మామ్మగారు అడిగెను. దెప్పుటకు కాదు, చూడవలెనను కోరికతోనే యడిగెను. మేమట్టి పట్టికను ఎన్నడును చూచియుండలేదు. కూలికై వచ్చినవారు, జాలరులు, పొరుగూరినుండి చుట్టపుచూపుగా వచ్చినవారు ఏ పట్టికలో చేరిరో ఎవరు చెప్పగలరు?

ఆ దేశమువారు పుట్టుకతోనే జాగరూకులని మేమనము. కట్టలు బలహీనముగా నున్నవని యొహాన్ వాన్ వేన్ అను ఇంజనీరు 1953నకు ముందే హెచ్చరించెను, వినలేదు. పిమ్మటనే మేల్కొనిరి. 1986లో తెఱచిన తూర్పు షెల్డు అడ్డుకట్టకు 62 తలుపులు పెట్టి, జాలరుల బ్రతుకును ఉప్పునీటి జీవములును చెడకుండుటకై మామూలు దినములలో వానిని తెఱచియే యుంతురు. మనవారును ఊరకుండలేదు. 1990 మే నెలలో దివిసీమ ప్రాంతమునకు మరల గొప్ప తుపాను వచ్చినప్పుడు ముందుగా లక్షలాది జనులను తరలించుటచే మృతుల సంఖ్య వేయిలోపున నిలిచినది. ప్రాణములను కాపాడుట మనము కొంత నేర్చితిమి. పోయినవారిని పేరుపేరున తలచుట యింకను నేర్వలేదు. పేరు లేనివానికి పరిహారము రాదు, వాని భార్యకు పింఛను రాదు, వాని గుడిసె యెక్కడ నుండెనో రేపు కట్ట కట్టువానికి తెలియదు.

ఇంటికి వచ్చిన పిమ్మట అవనిగడ్డ దాపున నున్న మా బంధువురాలి యింటికి పోయితిమి. ఆమె అన్నము వడ్డించుచు ఆ రాత్రి తన వీధిలో పోయినవారిని చెప్పుచుండగా మేము మనుమరాలి బడిపుస్తకములో వ్రాసికొంటిమి. సాయంకాలమునకు పదునేడు పేరులైనవి. పదునెనిమిదవ పంక్తియం దామె చెప్పినట్లే వ్రాసితిమి: చాకలివారి కోడలి బిడ్డ, మగవాడు, తొమ్మిది దినములవాడు, బారసాల కాలేదు.